మా ఆవిడ బొడ్డూ మరమనిషి చేతులూ

మా ఆవిడ పిత్తాశయంలో రాళ్ళున్నాయని తేలిన రోజు, స్కానింగ్ గదిలో ఆ బూడిదరంగు తెర మీద నాకు గోల్కొండ కోట కనిపించింది. బురుజులూ ప్రాకారాలూ అన్నీ ఉన్నాయి, ఒక మూల ఫిరంగి కూడా ఉన్నట్టే అనిపించింది. "చిన్నవేనండీ, శనగగింజలంత" అంది స్కానింగ్ చేసే అమ్మాయి. నేను నమ్మలేదు. ఏడాదిగా మిర్చి బజ్జీ తిన్నప్పుడల్లా కుడి డొక్క పట్టుకుని మా ఆవిడ తీసే మూలుగులకు మా అపార్ట్‌మెంట్ లిఫ్టు ఎవరూ నొక్కకుండానే మా అంతస్తులో ఆగేది. శనగగింజలకు అంత బలం ఎక్కడుంటుంది?

పంజాగుట్టలో మేం చూపించుకున్న సర్జన్ గారు ఆ రిపోర్టును సిటీ బస్సు టికెట్టు చూసినట్టు చూసి పక్కన పెట్టేశారు.

"సంచి మొత్తం తీసేయాలమ్మా. బొడ్డు దగ్గర ఒకే ఒక గాటు పెట్టి, రోబో సాయంతో చేసేద్దాం. మచ్చ బొడ్డులోనే కలిసిపోతుంది" అన్నారు.

ఒకే ఒక గాటు అనగానే మా ఆవిడ మొహం పండగ ముందు చీరల కొట్టు బోర్డులా వెలిగింది. దానికి కారణముంది. ఆమెది బల్కంపేట. వాళ్ళ వైపు ఆడవాళ్ళు ఏ పెళ్ళిలో కలిసినా నగల సంగతి రెండు ముక్కల్లో ముగించి ఆపరేషన్ల దగ్గరికి వచ్చేస్తారు. ఎవరికి ఎన్ని కుట్లు, ఎక్కడ, ఏ డాక్టరు, తర్వాత ఎన్నాళ్ళు వంగలేకపోయారు, ఇదంతా పప్పుచారు వడ్డించేలోపు సభకు సమర్పించుకోవాలి. ఆ సభలో తన పొట్ట చర్చకు రాకుండా బతికి బయటపడాలన్నది మా ఆవిడ జీవితాశయం. మచ్చే లేకపోతే అడిగేదేముంది, చెప్పేదేముంది?

నేను మాత్రం రోబో అన్న మాట దగ్గరే ఆగిపోయాను. తెలుగులో మరమనిషి అనుకుంటే ఇంకా భయమేసింది. నేను అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పే మాస్టారిని. మా ఇన్‌స్టిట్యూట్ ఉన్న భవనానికి గోడలున్నాయో లేవో ఇప్పటికీ ఎవరూ చూడలేదు, బయటికి కనిపించేవన్నీ బోర్డులే. ఒక కోర్సు బోర్డు పీకితే పక్క కోర్సు కూలిపోతుంది. ఆ బోర్డుల వెనక కూర్చుని నేను పిల్లలకు పాతికేళ్ళుగా చెబుతున్నది ఒకటే. యంత్రం మనం చెప్పింది చేస్తుంది, మనం అనుకున్నది చెయ్యదు. అది ఎక్కడ పగులుతుందో ముందే వెతికి పెట్టుకోవాలి. అలాంటి నేను, నా పెళ్ళాం కడుపులోకి పోయే యంత్రాన్ని పరీక్షించకుండా వదులుతానా? కుర్చీ ముందుకు లాక్కున్నాను.

"డాక్టర్ గారూ, మధ్యలో కరెంటు పోతే?"

"జనరేటర్ ఉంది. మెషీన్‌కు సొంత బ్యాటరీ ఉంది. అన్నీ పోయినా నా చేతులున్నాయి."

"నెట్‌వర్క్ పోతే?"

"నేనేం వేరే ఊళ్ళో కూర్చోనండీ. అదే గదిలో, ఆవిడకు నాలుగడుగుల దూరంలో ఉంటాను."

"అది తనంతట తాను ఏదైనా కోసేస్తే?"

"తనంతట తాను దానికి గోక్కోవడం కూడా రాదు. నా వేళ్ళు కదిలితేనే దాని వేళ్ళు కదులుతాయి."

"మీకు తుమ్మొస్తే?"

అప్పటిదాకా కంప్యూటర్ వైపు చూస్తున్న సర్జన్ గారు మొదటిసారి నా మొహం చూశారు. "నేను తల ఆనించి చూసే తెర ఒకటుంటుంది. తల దాని మీంచి తీయగానే దాని చేతులు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. తుమ్మి, ముక్కు తుడుచుకుని, మళ్ళీ తల పెడతాను."

"ఏమండీ" అంది మా ఆవిడ, "ఆవలింత, ఎక్కిళ్ళు కూడా అడిగేయండి. సార్ బయట ఇంకా యాభై మందిని చూడాలి."

సర్జన్ గారు నవ్వలేదు. "మీరు అడగాల్సింది మాత్రం అడగలేదు" అన్నారు నాతో. తర్వాత మా ఆవిడ వైపు తిరిగారు. "చూడమ్మా, ఆ ఒక్క గాటులోంచే కెమెరా, పనిముట్లు అన్నీ పోవాలి. అందుకని మామూలుగా పెట్టే చిన్న చిన్న రంధ్రాల కంటే అది కొంచెం పెద్దగా ఉంటుంది. తొందరపడి బరువులెత్తితే అక్కడ హెర్నియా రావచ్చు. ఇంకోటి, లోపల వాపుండి నాకు సరిగ్గా కనిపించకపోతే పక్కన ఇంకో రంధ్రం పెడతాను. అదీ చాలకపోతే పొట్ట తెరుస్తాను. ఒక్క గాటు అనేది నా ప్రయత్నమే గాని, నా పంతం కాదు. దీనికి ఒప్పుకుంటేనే మొదలుపెడతాను."

"ఇంకోటి పెడితే అది బొడ్డులో కలవదు కదా సార్?"

"కలవదమ్మా."

ఆమె చాలాసేపు తన చేతిసంచి జిప్పు తీస్తూ వేస్తూ ఉండిపోయింది. ఆ జిప్పు చప్పుడు నాకు పంజాగుట్ట చౌరస్తా హారన్లన్నిటి కంటే గట్టిగా వినిపించింది. "సరే సార్" అంది చివరికి.

ఆ సరే ఎంత బరువైనదో నాకు తెలుసు. ఇంతకుముందు రెండుసార్లు ఆపరేషన్ ఖాయం చేసుకుని రెండుసార్లూ వెనక్కి తగ్గింది. ఆమె లెక్కల టీచరు. ఒకసారి పిల్లల పరీక్షలు అడ్డమన్నది, ఒకసారి నొప్పి తగ్గిపోయిందన్నది. అసలు సంగతి మత్తు. మత్తిస్తే మళ్ళీ లేస్తానో లేదోనని ఆమెకు భయం. ఈసారి కూడా వెనక్కి తిరిగిందంటే ఇక ఆ ఆసుపత్రి మెట్లు ఎక్కదు. ఆ రాళ్ళలో ఒకటి జారి నాళానికి అడ్డం పడితే పరిస్థితి వేరుగా ఉంటుందని డాక్టర్ గారు ముందే చెప్పి ఉన్నారు.

ముందు రోజు సాయంత్రం చేర్చుకున్నారు. మంచం తల దగ్గర ఒక బోర్డు తగిలించారు, నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదని. ఆ బోర్డు మీద గౌరవంతో నేను ఆమె ఎదుట మింగడం కూడా మానేశాను. తెల్లారాక నన్ను కింద సంతకాల కోసం పిలిచారు. నేను పెట్టిన సంతకాలకు ఇంకో రెండు కలిపితే హుస్సేన్‌సాగర్ ఆసుపత్రి పేర రిజిస్టరై పోయేది. వేళ్ళు విరుచుకుంటూ పైకి వచ్చేసరికి మా ఆవిడను ఆకుపచ్చ గౌనులో స్ట్రెచర్ ఎక్కిస్తున్నారు. పక్కనే మా అత్తగారు. బల్కంపేట నుంచి పొద్దున్నే ఆటోలో దిగినట్టున్నారు, నుదుట రూపాయంత బొట్టు, చేతిలో గుడ్డసంచి, మొహంలో పరమశాంతి.

"ఏమైనా తిన్నారా అమ్మా?" అని అడిగింది నర్సు.

"లేదు" అంది మా ఆవిడ. అబద్ధమాడే మనిషి కాదు. పిల్లల పేపర్లలో అరమార్కు కూడా న్యాయం తప్పదు.

స్ట్రెచర్ మలుపు తిరిగింది. మా అత్తగారు సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మూత తెరిచారు. బెల్లమన్నం వాసన ఆసుపత్రి వాసనలన్నిటినీ తోసుకుంటూ వచ్చి నా ముక్కు పట్టుకుంది.

"ఇగో అల్లుడా, ఎల్లమ్మ తల్లి ప్రసాదం. నువ్వు సుత ఇంత నోట్లె ఏస్కో."

"నువ్వు సుత అంటే... ఇంకెవరు వేసుకున్నారు అత్తయ్యగారూ?"

"బిడ్డకు పెట్టిన. మంచిగ తిన్నది పాపం."

ఆ తర్వాత ఆ కారిడార్‌లో నేను పరిగెత్తిన పరుగు చూసి ఉంటే, పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద ఇరుక్కునే అంబులెన్సులన్నీ నా దగ్గర ట్యూషన్ పెట్టించుకునేవి. నా చెప్పుల్లో ఒకటి వార్డులో, ఒకటి లిఫ్టు దగ్గర ఉండిపోయాయి. కానీ థియేటర్ తలుపు దగ్గరికొచ్చేసరికి నా నోరు ఆగింది. చెబితే ఆపేస్తారు. ఆపేస్తే ఆమె ఇంటికి పోదామంటుంది. ఇంటికి పోతే ఇక రాదు. చెప్పకపోతే ఏమవుతుందో నాకు నిజంగా తెలియదు. పరికరాలను ఎన్ని రకాలుగా పరీక్షించానో, అన్నం గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. స్ట్రెచర్ మీద ఆమె తల ఇటు తిప్పి, నా చెప్పుల్లేని కాళ్ళు చూసి కంగారు పడింది. ఆ కంగారు చూశాక నోరు దానంతటదే తెరుచుకుని నర్సుకు ప్రసాదం సంగతి చెప్పేసింది.

మత్తు డాక్టరమ్మ బయటికి వచ్చారు. సన్నటి మనిషి, నెమ్మదైన గొంతు. "ఏం తిన్నారమ్మా పొద్దున?"

"ఏం తినలేదు మేడం. నిన్న రాత్రి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు."

"అమ్మగారు ఏదో పెట్టారట?"

"ప్రసాదం మేడం" అంది మా ఆవిడ, తప్పు చేసిన పిల్లాడి లెక్క దిద్దుతున్నట్టు. "రెండు పిడికిళ్ళు. అంతే."

ఆమె మీద నాకు కోపం రాలేదు, ఎందుకంటే ఆ ఇంటి లెక్క నాకు తెలుసు. మా అత్తగారింట్లో ఆడవాళ్ళు ఒక్కపొద్దులుంటారు. పొద్దంతా పచ్చి గంగ ముట్టరు. అయినా ఎవరైనా గుడి నుంచి ప్రసాదం తెస్తే కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటారు. దానికి ఒక్కపొద్దు చెడదు. అమ్మవారిది వద్దంటేనే చెడుతుంది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ లెక్కలో పెరిగిన మనిషి, ఖాళీ కడుపని నర్సుతో చెప్పడంలో ఆవగింజంత కల్తీ లేదు.

డాక్టరమ్మ కూడా కోప్పడలేదు. స్ట్రెచర్ కమ్మీ మీద చెయ్యి వేసి అన్నారు. "అది ప్రసాదమని అమ్మవారికి తెలుసు, మీకు తెలుసు. మీ పొట్టకు తెలియదమ్మా. నేను మత్తివ్వగానే అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయిందనుకోండి, అవతల ఎంత గొప్ప రోబో ఉన్నా అది మీకేమీ సాయం చెయ్యలేదు. ఇవాళ వద్దు. రేపు పొద్దున చేద్దాం."

గదికి తిరిగొచ్చాక మా ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. "మీరు చెప్పకపోతే ఈపాటికి అయిపోయేది."

"అదే నా భయం" అన్నాను.

"నన్ను ఇంటికి తీసుకుపొండి. నా రాళ్ళు నాకుంటాయి. ఇన్నాళ్ళు మోశా, ఇంకొన్నాళ్ళు మోస్తా."

నేను బతిమాలాను. రాళ్ళ గురించి, నాళం గురించి సర్జన్ గారు చెప్పిన దానికి నాలుగింతలు కలిపి భయపెట్టాను. నేను ఏది చెప్పినా నాలుగో వంతే తీసుకోవడం ఆమెకు అలవాటు కాబట్టి ఏమీ మిగల్లేదు. విసుగొచ్చి బయటికి వస్తే కారిడార్ చివర ప్లాస్టిక్ కుర్చీలో మా అత్తగారు. డబ్బా మూత గట్టిగా బిగించి ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. మా పెళ్ళయిన నాటి నుంచి ఆవిడకూ నాకూ ఒక యుద్ధం నడుస్తోంది. నేను గుంటూరు వైపు వాణ్ణి. నా గోంగూరలో కారం ఎక్కువని ఆవిడ, ఆవిడ పచ్చిపులుసులో పులుసు తప్ప ఏమీ లేదని నేను. ఆ రోజు కూడా నాలుగు మాటలు అందామనే దగ్గరికి వెళ్ళాను.

"నా బిడ్డను నేనే సంపుకుందునా అల్లుడా?" అన్నారావిడ, నేను కూర్చోకముందే.

నా నాలుగు మాటలూ ఎటో పోయాయి. "అదేంటి అత్తయ్యగారూ, అంత మాట. మీకేం తెలుసు?"

"బోర్డు సూసిన నేను. అన్నం పెట్టొద్దని రాసిండ్రు అనుకున్న. ప్రసాదం పెట్టొద్దని ఎవలన్న రాస్తరా?" డబ్బా మూత ఇంకోసారి బిగించారు. "గీ పిల్ల సిన్నగున్నప్పుడు నాకు పెద్దాపరేషన్ అయింది, సర్కారు దవాఖానల. మా అమ్మను లోపటికి రానియ్యలే. బల్ల మీద పండుకోబెట్టిండ్రు. కడుపుల ఏం లేదు, పక్కన ఎవ్వలు లేరు. సస్తనేమో అనుకుంట పండుకున్న. గందుకే, నా బిడ్డ పోయేటప్పుడు కడుపుల అమ్మవారి మెతుకన్న తోడుండాలె అనుకున్న. గంతే."

ఆవిడ కొంగు జరిపి పక్క నుంచి చూపించారు. జానెడు మచ్చ, అటూ ఇటూ కుట్ల గుర్తులు. ఇన్నేళ్ళలో పెళ్ళిళ్ళ సభల్లో ఆవిడ మచ్చ గురించి ఒక్క మాట విన్న గుర్తు లేదు నాకు.

"రేపు చేస్తామన్నారు" అన్నాను. "కానీ మీ అమ్మాయి ఇంటికి పోతానంటోంది."

మా అత్తగారు లేచారు. డబ్బా నా ఒళ్ళో పెట్టి గదిలోకి పోయారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"ఏం బిడ్డా, ఇంటికి పోతవంట?"

"పోతనే అమ్మా. నాతోని కాదు."

"పోతే మళ్ల రావు నువ్వు. నాకెరుక నీ సంగతి. తప్పు నాది, నీది కాదు. గా మత్తు డాక్టరమ్మ నిన్ను సూసి ఆపింది, సూడకుంట మత్తియ్యలే. గట్ల ఆపే మనిషి దగ్గర పండుకునేటందుకు భయమెందుకే? రేపటిదాంక నేను ఈడనే కూసుంట. నీ నోట్లె ఈగ సుత పోనియ్య."

కాసేపటికి మా ఆవిడ ఇటు తిరిగి పడుకుంది. అది సరే అన్నట్టే.

మర్నాడు పొద్దున ఆ గదికి కాసిన కాపలా ముఖ్యమంత్రి నివాసానికి కూడా ఉండదు. నర్సు లోపలికి వస్తే ముందు చేతులు చూపించాలి. మా ఆవిడ పళ్ళు తోముకుంటుంటే మా అత్తగారు పక్కనే నిలబడి, "ఉమ్మెయ్యి. మంచిగ ఉమ్మెయ్యి. ఇంకింత ఉమ్మెయ్యి" అని, చివరికి నోరు తెరిపించి సెల్‌ఫోన్ లైటు వేసి చూశారు. ఇంతలో యూసుఫ్‌గూడ నుంచి మా అత్తగారి చెల్లెలు ఇంకో గుడి ప్రసాదం పట్టుకుని వచ్చింది.

"అక్కా, జరంత బిడ్డ నాలిక మీద పెట్టు, మంచి జరుగుతది."

"నా సంచిల పెట్టు" అన్నారు మా అత్తగారు. "కోత అయినంక."

"అమ్మవారిది కాదంటవా?"

"అమ్మవారికి నేను జవాబు చెప్పుకుంట. నువ్వు ఆ మూలకు కూసో."

నర్సు వచ్చి, ఏమైనా తిన్నారా అని అడగబోతుంటే ఆవిడే అందుకున్నారు. "అన్నం తినలే, నీళ్ళు తాగలే, ప్రసాదం తినలే, తీర్థం తాగలే. నా ముందట గాలి తప్ప ఏం మింగలే."

స్ట్రెచర్ లోపలికి పోయింది. తలుపు మీద ఎర్ర లైటు వెలిగింది. నేను ఆ లైటు కేసి చూస్తూ, ఆపరేషన్ మొత్తం నా తలలో నేను కూడా చేశాను, పక్కవాళ్ళ ఆపరేషన్లు కూడా చేశాను. మా అత్తగారు మాత్రం ఏదో ఆలోచిస్తూ అడిగారు.

"అల్లుడా, గా మరమనిషి మొగోడా, ఆడదా?"

"యంత్రం అత్తయ్యగారూ. డాక్టరు వేళ్ళు ఎటు తిప్పితే అటు తిరుగుతుంది."

"మరి మంచిదే. అలుగుతదన్న ఫికర్ లేదు."

చాలాసేపటికి, అంటే నా గడ్డం ఒక అంగుళం పెరిగాక, సర్జన్ గారు బయటికి వచ్చారు. చేతిలో చిన్న ట్రే. అందులో రాళ్ళు. నిజంగానే శనగగింజలే. ఇంత చిన్నవాటికా అంత గొడవ అనిపించింది.

"ఆవిడ బాగున్నారు" అన్నారాయన. "కానీ పక్కన ఇంకో చిన్న రంధ్రం పెట్టాల్సి వచ్చింది. సంచి లోపల అతుక్కుపోయి ఉంది. నాళాలు కలిసే చోటు నాకు స్పష్టంగా కనిపించలేదు. కనిపించనిదాన్ని నేను కత్తిరించను. రోబోకు ఏమీ కాలేదు, దాని పని అది చేసింది. చూడటానికి నాకే ఇంకో దారి కావాల్సొచ్చింది."

ఆయన ట్రే నర్సుకు ఇవ్వగానే నేను ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను. ఎంతసేపు పట్టుకున్నానంటే, వెనక నిలబడ్డ నర్సు "సార్, ఆ చేతులతో ఇంకా ఇద్దరికి చెయ్యాలి" అంది.

సాయంత్రం మా ఆవిడను లేపి నడిపించమన్నారు. నడిస్తే కడుపులో గాలి కదులుతుందట, రక్తం గడ్డకట్టకుండా ఉంటుందట. నేను ఒక రెక్క పట్టుకున్నాను. పడుతూ లేస్తూ కారిడార్‌లోకి వచ్చాం. కిటికీ దగ్గర ఆగింది. కింద పంజాగుట్ట చౌరస్తా యథాప్రకారం ఒకరి మీద ఒకరు ఎక్కి హారన్లు కొడుతోంది. పైన మెట్రో రైలు అమీర్‌పేట వైపు జారిపోతోంది.

"ఎన్ని?" అంది, చెయ్యి బొడ్డు మీద పెట్టుకుని.

ఏమని చెప్పాలో నాలుగు విధాలుగా ఆలోచించి, చివరికి ఉన్నదే చెప్పాను. "రెండు."

ఏడుస్తుందనుకున్నాను. కిటికీ అద్దం మీద చెయ్యి ఆనించి ఊపిరి పీల్చుకుంది. "కనపడలేదని పెట్టిండా?"

"కనపడనిది కొయ్యనన్నారు."

"మంచి పని చేసిండు" అంది. ఇన్నేళ్ళ నాతో కాపురంలో అరువు తెచ్చుకున్న మా గుంటూరు ఏంటిలూ చేశారులూ అన్నీ మత్తులో ఎక్కడో వదిలేసి, పుట్టింటి మాట మాత్రం పట్టుకుని లేచినట్టుంది. "పదండి. ఇంకో రౌండు పోదాం."

ఆ ఆసుపత్రి గౌనులకు వెనక సరిగ్గా బొత్తాలుండవు. అడుగు వేసినప్పుడల్లా విచ్చుకుంటాయి. మా అత్తగారు వెనకాలే వస్తూ, ఆ రెండు అంచులూ దగ్గరికి లాగి రెండు చేతులా గట్టిగా పట్టుకుని నడుస్తున్నారు.

"అమ్మా, వదిలెయ్. అందరు చూస్తున్నరు. నేను పట్టుకుంట."

"నీ చెయ్యి ఎనకకు పోతదా ఇప్పుడు? నువ్వు ముందల సూసి నడువు బిడ్డా."

ఆమె ముందుకు చూసి నడిచింది.